అప్పగింత: లైన్లో ఉన్న మనిషిని సరైన చేతికి అందించడం

మా పిన్నిది వంగర దగ్గర పల్లె. ఒక వానాకాలం ఉదయం బాబాయికి ఆయాసం ఎక్కువైతే పట్నంలో ఓ ఆసుపత్రిలో చేర్చారు. మధ్యాహ్నం దాకా కబురు లేదు. పిన్ని తనే ఆసుపత్రికి ఫోను చేసింది.

"బాబూ, మా ఇంటాయన్ని పొద్దున్న తెచ్చారు. ఎలగున్నాడో సెప్తారా?"

"లైన్లో ఉండండమ్మా" అన్నారు. పాట మొదలైంది. రెండో మనిషి ఎత్తి "ఎవరు? ఏం కావాలి?" అని అడిగితే మళ్లీ మొదట్నుంచీ చెప్పింది. "అది మా దగ్గర కాదు" అని ఇంకొకరికి పంపారు. అక్కడ బిల్లు నంబరు అడిగి మరో బల్లకు పంపితే, అక్కడా మొదట్నుంచీ చెప్పింది. నాలుగోసారి పాట వచ్చి, కాసేపటికి అదీ ఆగిపోయింది. ఎవరైనా ఎత్తుతారేమోనని పిన్ని చాలాసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం నాతో అన్న మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. "ఒకటే సంగతి నాలుగుసార్లు సెప్పాన్రా. నా మాట ఎవుల కాడికీ ఎల్లలేదు."

ఆ రోజు ఆ ఆసుపత్రిలో ఫోన్లన్నీ పనిచేస్తూనే ఉన్నాయి. ఎత్తినవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. తమ బల్ల మీదికి వచ్చిన కాల్‌ను పక్క బల్లకు నెట్టి, పని అయిపోయిందనుకున్నారు. మన పెళ్లిళ్లలో అప్పగింతలు ఎలా జరుగుతాయో గుర్తు చేసుకోండి. అమ్మాయి అరచేతులను పాలలో ముంచి అత్తమామల చేతులకు అందిస్తారు. మా పిల్ల ఇలాంటిది, జాగ్రత్తగా చూసుకోండి అని చెప్పుకుంటారు. అటువాళ్లు సరేనన్నాకే తల్లిదండ్రులు చేయి వదులుతారు. చేయి, మాట, ఒప్పుకోలు మూడూ ఉంటేనే అది అప్పగింత. ఫోను ట్రాన్స్‌ఫర్‌కూ ఆ మూడూ కావాలి. ఈ అధ్యాయంలో చెప్పేదంతా దాన్ని గురించే: రిసెప్షన్‌లో కూర్చున్న మనిషి నేర్చుకోవలసినదీ, ఇంటర్నెట్ ఫోను వ్యవస్థను అమర్చేవారు సరిచూడవలసినదీ.

ట్రంకు కాల్ ఆపరేటరు నేర్పిన పాఠం

యాభై దాటినవాళ్లకు ట్రంకు కాల్ గుర్తుండే ఉంటుంది. ఖర్గపూర్ రైల్వేలో పనిచేసే అన్నతో మాట్లాడాలంటే పోస్టాఫీసుకు వెళ్లి, కాల్ బుక్ చేసి, బల్ల మీద కూర్చోవాలి. ఎక్స్ఛేంజిలో ఆపరేటరు అటు లైను పట్టుకుని, కావలసిన మనిషి వచ్చాడో లేదో కనుక్కుని, "పార్టీ లైన్లో ఉన్నారు, మాట్లాడండి" అని చెప్పాకే తప్పుకునేవారు. గంటల తరబడి ఎదురుచూడవలసి వచ్చినా, కలిసిన కాల్ మాత్రం ఫలానా మనిషితోనే కలిసేది.

ఆపరేటరు చేతిలో ఎంత బలముందో చెప్పడానికి టెలిఫోను చరిత్రలో ఒక కథ చెబుతుంటారు. అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఆల్మన్ స్ట్రౌజర్ అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి. ఆయన పోటీదారు భార్య ఎక్స్ఛేంజిలో పనిచేస్తూ, తనకు రావలసిన కాల్స్‌ను భర్తకు కలిపేస్తోందని ఆయనకు అనుమానం వచ్చిందట. మధ్యలో మనిషి అవసరమే లేకుండా కాల్ కలిపే యంత్రం తయారుచేసి 1891లో పేటెంటు పొందాడు. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి అలా మొదలైంది. అప్పట్నుంచి నంబరు వెతికి కలిపే పనిని యంత్రాలే మనకన్నా వేగంగా చేస్తున్నాయి. కానీ "ఈవిడ భయంతో ఉన్నారు, కాస్త నెమ్మదిగా మాట్లాడండి" అని పక్కవాళ్లకు చెప్పే పని ఇంకా మనదే.

రెండు దారులు: నేరుగా పంపడం, అడిగి పంపడం

ఇప్పుడు చాలా ఆఫీసుల్లో ఫోన్లు ఇంటర్నెట్ తీగల మీద నడుస్తున్నాయి. అవి తమలో తాము మాట్లాడుకునే పద్ధతి పేరు సిప్. దాని మూలపత్రం 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3261. కాల్‌ను మరొకరికి మళ్లించే ఆదేశం పేరు రిఫర్. దాన్ని 2003లో ఆర్‌ఎఫ్‌సీ 3515గా ప్రకటించారు.

మొదటి దారి బ్లైండ్ ట్రాన్స్‌ఫర్. మీరు బటన్ నొక్కి నంబరు కొట్టగానే మీ ఫోను "ఇకనుంచి ఈ నంబరుతో మాట్లాడించు" అని రిఫర్ పంపుతుంది. ఆఫీసు ఎక్స్ఛేంజి దాన్ని అందుకుని, ఆ నంబరుకు కొత్త కాల్ చేస్తుంది. ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించాలి. రిఫర్ అందగానే అటునుంచి 202 అనే జవాబు వస్తుంది. మీ అభ్యర్థన అందింది, పని మొదలుపెడుతున్నాను అని మాత్రమే దాని అర్థం. అవతల మనిషి ఎత్తాడా, లైను బిజీగా ఉందా అన్నది ఆ తర్వాత నోటిఫై అనే కబుర్లుగా వస్తుంది. చాలా ఫోన్లు 202 రాగానే తమవైపు పెట్టేస్తాయి. మా పిన్ని విషయంలో మనుషులు చేసిందీ ఇదే. చెప్పిన మాట అందిందనుకున్నారు, అవతల ఎవరైనా ఎత్తారా అని చూడలేదు.

రెండో దారి అటెండెడ్ ట్రాన్స్‌ఫర్. కాలర్‌ను హోల్డ్‌లో పెట్టి, పంపవలసిన మనిషికి ముందు మీరే ఫోను చేస్తారు. సంగతి చెప్పి, వాళ్లు సరేనన్నాక కలుపుతారు. ఇందుకు తోడ్పడే రీప్లేసెస్ అనే ఏర్పాటు 2004లో ఆర్‌ఎఫ్‌సీ 3891గా వచ్చింది. "నువ్వు ఇప్పుడు రిసెప్షన్‌తో మాట్లాడుతున్న కాల్ స్థానంలో ఈ కాలర్‌ను కూర్చోబెట్టు" అని చెప్పడమే దాని పని. ప్రతి కాల్‌కూ ఒక గుర్తింపు, రెండు కొసలకూ రెండు ట్యాగులు ఉంటాయి. మూడూ సరిపోలితేనే మార్పిడి జరుగుతుంది. అందుకే అవతలి ఫోను మళ్లీ మోగకుండా గొంతు మాత్రం మారుతుంది.

ఏ దారి ఎప్పుడు? అకౌంట్స్ విభాగమే కావాలని కాలర్ పేరు పెట్టి అడిగినప్పుడు, వరుసలో ఎవరో ఒకరు తప్పక ఎత్తే చోటికి పంపేటప్పుడు నేరుగా పంపవచ్చు. జబ్బు, ప్రమాదం, చావు, కోపం, ముసలితనం వీటిలో ఏదున్నా అడిగి పంపండి. ఒకసారి చేయి మారి వచ్చిన కాల్‌ను రెండోసారి ఎప్పుడూ అడగకుండా పంపవద్దు. ఈ ఒక్క నియమం పాటించినా మీ ఆఫీసు మీద వచ్చే ఫిర్యాదులు తగ్గుతాయి.

ముందు మండలం అడగండి

సరైన చేతికి ఇవ్వాలంటే ఆ చెయ్యి ఎవరిదో తెలియాలి. మన ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఇక్కడి గీతలు మారిపోయాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు వచ్చాయి. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. విజయనగరం జిల్లాలో ఉండే పార్వతీపురం, కురుపాం, సాలూరు కూడా అటే వెళ్లాయి.

జిల్లా మారినా జనం నోట్లో మాట అంత తొందరగా మారదు. తరాలుగా "మాది సిక్కోలు" అంటూ వచ్చిన రాజాం పెద్దాయన ఇప్పటికీ అలాగే అంటాడు. ఆయన మాట పట్టుకుని కాల్‌ను శ్రీకాకుళం విభాగానికి పంపితే, వాళ్లు విజయనగరం పొమ్మంటారు. ల్యాండ్‌లైన్ కోడ్ చూసి తేల్చుకుందామన్నా కుదరదు. 08941 అనే ఎస్టీడీ కోడ్ రాజాంకూ ఉంది, పాలకొండకూ ఉంది. నేడు ఆ రెండూ వేర్వేరు జిల్లాల్లో ఉన్నాయి. మొబైల్ నంబరైతే ఊరి సంగతి అసలే చెప్పదు.

పేర్లతోనూ చిక్కుంది. ఆమదాలవలస శ్రీకాకుళం జిల్లాలో ఉంది. రేగిడి ఆమదాలవలస విజయనగరం జిల్లాలో ఉంది. తొందరలో "ఆమదాలవలస" అని రాసుకుంటే ఒకరి కాగితం మరొకరి బల్ల మీదికి వెళుతుంది. రణస్థలం ప్రజలు ఓటు వేసేది విజయనగరం లోక్‌సభ స్థానానికి. వాళ్ల జిల్లా మాత్రం శ్రీకాకుళమే.

అందుకని "మీది ఏ జిల్లా?" అని అడగకండి. "మీ ఊరు ఏ మండలంలోకి వస్తుందమ్మా?" అని అడగండి. మన పల్లెల్లో చాలామంది మండలం పేరు తడుముకోకుండా చెబుతారు. ఏ మండలం ఏ జిల్లాలో, ఏ విభాగంలో ఉందో చూపే పట్టిక ఒక కాగితం మీద రాసి ఫోను పక్కన అంటించుకోండి. ఆటోమేటిక్ మెనూ పెట్టేవాళ్లు "శ్రీకాకుళం జిల్లా అయితే 1 నొక్కండి" అని రికార్డు చేసే ముందు ఈ సంగతి ఆలోచించండి. మెనూలో మొదటే "మనిషితో మాట్లాడాలంటే 0" అని చెప్పించండి. ఆ సున్నా నొక్కేవాళ్లే మన సాయం ఎక్కువ అవసరమైనవాళ్లు.

అప్పగింత మాటలు

అడిగి పంపేటప్పుడు అవతలి వారికి ఐదు సంగతులు చెప్పాలి: ఎవరు, ఏ ఊరు, ఏం కావాలి, ఇప్పటిదాకా ఏం జరిగింది, తిరిగి చేయడానికి నంబరు ఏది. మా పిన్ని కాల్‌ను ఆ రోజు ఎవరైనా ఇలా పంపి ఉండవలసింది.

"సిస్టర్‌గారూ, రిసెప్షన్ నుంచండీ. వంగర నుంచి ఒకావిడ లైన్లో ఉన్నారు. వాళ్లాయన్ని పొద్దున్న ఆయాసంతో మీ వార్డులో చేర్చారు. ఎలా ఉన్నారో తెలుసుకోవాలంటున్నారు. ఇప్పటికే బిల్లింగ్‌కి వెళ్లి తిరిగొచ్చారు, కంగారుగా ఉన్నారు. నంబరు నా దగ్గర రాసుకున్నాను. మాట్లాడతారా?"

"కలపండి."

కలిపే ముందు కాలర్‌తోనూ రెండు మాటలు చెప్పాలి.

"అమ్మా, వార్డు సిస్టర్‌గారు మాట్లాడతారు. మీ సంగతి ఆవిడకి చెప్పాను, మళ్లీ మొదట్నుంచీ చెప్పక్కర్లేదు. మధ్యలో కట్ అయితే మీరు కంగారు పడకండి, నేనే చేస్తాను."

ఇదంతా చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. ఆ కొద్దిసేపు ఆగితే ఒక మనిషి తన బాధను మరో మూడుసార్లు చెప్పుకునే అవసరం తప్పుతుంది. సిస్టరు వేరే పనిలో ఉండి "ఇప్పుడు కుదరదు" అంటే అది కూడా మంచి సమాచారమే. హోల్డ్ తీసి, "పది నిమిషాల్లో నేనే కనుక్కుని చెబుతానమ్మా" అనండి. అన్నాక చెప్పండి.

మన రాష్ట్రంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. రాష్ట్రం ఉమ్మడిగా ఉన్నప్పుడు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవలో, ఆపదలో ఉన్నవాళ్లు అంబులెన్సు నంబర్లు వెతుక్కోరు. ఒకచోట ఫోను ఎత్తి, ఊరూ గుర్తులూ అడిగి, ఆ సమాచారాన్ని దగ్గర్లో ఉన్న బండికి అందిస్తారు. మనిషి ఉన్నచోటే ఉంటాడు, కబురే ప్రయాణం చేస్తుంది. మీ ఆఫీసు చిన్నదైనా పద్ధతి ఇదే కావాలి.

వ్యవస్థను అమర్చేవారికి

మాట తీరు ఎంత బాగున్నా, లోపలి అమరిక తప్పితే కాల్ దారి తప్పుతుంది. 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఆస్టరిస్క్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని ఇప్పుడు చిన్న ఆసుపత్రి కూడా సొంత ఎక్స్ఛేంజి పెట్టుకోగలదు. పెట్టేటప్పుడు ఈ ఆరూ చూడండి.

మొదటిది, ఎక్స్‌టెన్షన్ నంబర్లు. శ్రీకాకుళం శాఖకు 2తో, విజయనగరం శాఖకు 3తో, పార్వతీపురం శాఖకు 4తో మొదలయ్యేలా ఇవ్వండి. రెండు శాఖల్లోనూ 201 ఉంటే కలిపిన రోజు నుంచే చిక్కులు మొదలవుతాయి.

రెండోది, ట్రాన్స్‌ఫర్ అయిన నంబరును వ్యవస్థ ఎక్కడ వెతుకుతుందన్నది. ఆస్టరిస్క్‌లో నంబర్ల జాబితాలు కాంటెక్స్ట్ అనే గదుల్లో ఉంటాయి. ట్రాన్స్‌ఫర్ కోసం ప్రత్యేకమైన గది చెప్పకపోతే, పంపుతున్న ఫోను ఉన్న గదిలోనే వెతుకుతుంది. ఆ గదిలో ఆ నంబరు లేకపోతే కాల్ పోతుంది. ట్రాన్స్‌ఫర్ కాంటెక్స్ట్ అనే విలువను మీరే స్పష్టంగా ఇవ్వండి. ఆ గదిలో ఆఫీసు నంబర్లే ఉంచండి, విదేశీ కాల్స్ దారి ఉంచకండి.

మూడోది, ట్రాన్స్‌ఫర్ చేసే హక్కు ఎవరికన్నది. ఆస్టరిస్క్ డయల్ ఆదేశంలో చిన్న టీ అక్షరం కాల్ అందుకున్నవారికి ఆ హక్కు ఇస్తుంది, పెద్ద టీ అక్షరం కాల్ చేసినవారికి ఇస్తుంది. బయటి నుంచి వచ్చే కాల్స్‌కు చిన్న టీ మాత్రమే పెట్టండి. అక్కడ పెద్ద టీ పెడితే, బయటివాడెవడో మీ లైను మీదుగా దూరదేశానికి కాల్ మళ్లించుకుంటాడు. బిల్లు మీకు వస్తుంది.

నాలుగోది, నొక్కే బటన్లు. ఆస్టరిస్క్ మీద నడిచే ఫ్రీపీబీఎక్స్‌లో మామూలుగా ## నొక్కితే నేరుగా పంపడం, *2 నొక్కితే అడిగి పంపడం. ఆ నొక్కుల శబ్దాన్ని గొంతుతో కలిపి పంపే అమరిక ఉంటే, గొంతును బాగా కుదించే కోడెక్‌లో ఆ శబ్దం చెదిరి, ట్రాన్స్‌ఫర్ ఒకసారి పనిచేసి మరోసారి పనిచేయదు. ఆర్‌ఎఫ్‌సీ 4733 పద్ధతిలో నొక్కులను విడిగా పంపేలా అన్ని ఫోన్లలోనూ ఒకే తీరున పెట్టండి.

ఐదోది, కలిపాక ఒకరి గొంతే వినిపించడం. రెండు శాఖలు వేర్వేరు రూటర్ల వెనక ఉన్నప్పుడు ఇది తరచూ జరుగుతుంది. గొంతు ఫోన్ల మధ్య నేరుగా కాకుండా ఎక్స్ఛేంజి గుండా వెళ్లేలా చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఆరోది, బయటికి వెళ్లే దారి. బయటి నుంచి వచ్చిన కాల్‌ను డాక్టరుగారి మొబైల్‌కు పంపితే, ఆ మాటలు పూర్తయ్యేదాకా మామూలుగా మీ బయటి లైన్లు రెండు నిండి ఉంటాయి. నాలుగే ఉన్న ఆఫీసులో అలాంటివి రెండు కాల్స్ ఉంటే మూడో రోగికి బిజీ వినిపిస్తుంది. లైన్ల లెక్క చూసుకునే ఈ సదుపాయం ఇవ్వండి. డాక్టరుగారి మొబైల్‌లో కనిపించేది చాలాసార్లు ఆఫీసు నంబరే కాబట్టి, రోగి నంబరు మాటతోనే చెప్పాలి. అలాగే స్థానిక అత్యవసర నంబర్లు ఏ శాఖలో కొడితే ఆ ఊరి లైను నుంచే వెళ్లాలి. పలాసలో కొట్టిన కాల్ విశాఖ లైను మీదుగా బయటికి వెళితే, విశాఖలో ఎవరో ఎత్తే ప్రమాదం ఉంది.

ఎవరూ ఎత్తకపోతే

ఖాళీ గదిలో మోగే ఫోనుకు కాల్ పంపి చేతులు దులుపుకోకూడదు. నేరుగా పంపిన కాల్ 20 సెకన్లలో ఎవరూ ఎత్తకపోతే, పంపినవారి ఫోనుకే తిరిగి వచ్చేలా పెట్టండి. తిరిగి వచ్చినప్పుడు తెర మీద కాలర్ నంబరు, ఏ బల్ల నుంచి వెనక్కి వచ్చిందో గుర్తు, రెండూ కనబడాలి. అప్పుడే "మళ్లీ ఎవరండీ?" అనకుండా "అమ్మా, అక్కడ ఎవరూ ఎత్తలేదు, ఇంకొకరిని చూస్తాను" అనగలరు. సెలవులో ఉన్న రామ్మూర్తిగారి ఫోను శేషుగారికి, శేషుగారి ఫోను రామ్మూర్తిగారికి మళ్లించి ఉంటే కాల్ వాళ్లిద్దరి మధ్యే తిరుగుతుంది. సెలవు పెట్టే ముందు మళ్లింపు ఎటు పెట్టారో రిసెప్షన్‌లో చెప్పడం నియమం చేయండి.

మన తీరానికి మరో జాగ్రత్త కావాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. ఊళ్లకు ఊళ్లు కరెంటు లేక చీకట్లో ఉన్నాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊపేసింది. పాత ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజి నుంచి తీగలోనే వచ్చేది. ఇంటర్నెట్ ఫోనుకు మన గోడలోని ప్లగ్గే ఆధారం. కరెంటు పోతే ఫోను, స్విచ్, రూటరు మూడూ ఒకేసారి ఆగుతాయి. అందుకని మూడింటికీ యూపీఎస్ పెట్టండి. శాఖ అందుబాటులో లేకపోతే కాల్స్ ఏ మొబైల్‌కు, ఆ మొబైల్ కూడా పలకకపోతే ఏ ఊరి శాఖకు వెళ్లాలో ముందే రాసి, వ్యవస్థలో పెట్టి ఉంచండి. అక్టోబరు రాకముందే ఒకసారి ప్లగ్గు తీసి పరీక్షించండి.

ఈ వారం చేయవలసింది

ఆఫీసు మూశాక ఒక సాయంత్రం ముగ్గురు కూర్చోండి. ఒకరు బయట నిలబడి మొబైల్ నుంచి కాల్ చేసే రోగి, ఒకరు రిసెప్షన్, ఒకరు వార్డు. ఈ పరీక్షలు వరసగా చేసి, ఫలితం నోటు పుస్తకంలో రాయండి.

1. నేరుగా పంపండి, వార్డు ఎత్తాలి. ఒకరి గొంతు ఒకరికి వినబడిందా?
2. నేరుగా పంపండి, వార్డు ఎత్తకూడదు. కాల్ 20 సెకన్లలో తిరిగి వచ్చిందా? తెర మీద ఎవరి నంబరు ఉంది?
3. వార్డు బిజీగా ఉన్నప్పుడు పంపండి. రోగికి ఏం వినిపించింది?
4. అడిగి పంపండి, వార్డు వద్దనాలి. రోగి మళ్లీ మీ దగ్గరికి వచ్చారా?
5. అడిగి పంపుతూ, వార్డు ఎత్తకముందే మీరు పెట్టేయండి. కాల్ బతికే ఉందా?
6. వేరే శాఖకు, తర్వాత ఒక మొబైల్‌కు పంపండి.
7. రోగి తన మొబైల్‌లో ## నొక్కాలి. ఏమీ జరగకూడదు.

తర్వాత పాత్రలు మార్చుకోండి. ఈసారి రిసెప్షన్‌లో కూర్చునేవారు రోగిగా బయట నిలబడాలి. పాట ఎంతసేపు మోగితే ఎంత దిగులుగా ఉంటుందో వాళ్లకే తెలుస్తుంది. యంత్రంలో తప్పులు మొదటి సాయంత్రమే దొరుకుతాయి. మన అలవాట్లలోవి దొరకడానికి ఈ మార్పిడి అవసరం.

రేపు మీ ఫోను మోగినప్పుడు అవతల ఓ పెద్దావిడ గొంతు వినబడవచ్చు. ఆవిడ మీకు ఒక్కసారే చెబుతుంది. అక్కడి నుంచి ఆ మాటను మోసుకెళ్లే పని మీదని అనుకోండి. సరైన మనిషి "నేను చూస్తాను" అనేదాకా చేయి వదలకండి.